ఐదు తాలాలంటే మూడు డాలర్లు

సోమవారం, పొద్దున్నే
శపథం! ఇవాళ్టి నుంచి ఇక్కడి డబ్బు తాలాలను డాలర్లలోకి మార్చి లెక్కేసుకోను. ఆక్లాండ్‌లో ఇరవై ఏళ్లున్నాను, నిజమే. సమోవాలో మా ఊరికి తిరిగొచ్చి నెలైంది. అయినా మేనత్త తిరేసా భోజనం ముందు నాకే పెట్టిస్తుంది. ఇంటి కుర్రాళ్లు వండి, వడ్డించి, ఆఖర్న తింటారు. ముందు తినేది చుట్టాలు! నేనేం చుట్టాన్నా అని నిన్న అడిగేశాను.
"ధర వినగానే నీ పెదాలు కదులుతాయిరా సెఫో! డాలర్లు లెక్కపెట్టేవాడు చుట్టం కాక ఇంకేంటి? అది మానెయ్, రాళ్ల పొయ్యి దగ్గరికి రానిస్తా."
ఆ పొగలో కూర్చుని కొబ్బరి తురమాలి. నాకు కావలసింది అంతే.

సాయంత్రం
ఒక్కసారి కూడా మార్చలేదు! ఏమీ కొనలేదు కూడా. గెలుపు గెలుపే!

మంగళవారం
బజారు. చేమదుంపల బుట్ట ఇరవై తాలాలు. పెదాలు బిగపట్టాను. బుర్రలో 'పన్నెండు' అని వినిపించింది. నేను మార్చలేదు, అదే మారింది! పన్నెండే! రెండు బుట్టలు కొన్నాను.

బుధవారం
గొడుగు అవసరం. అవసరానికి శపథం వర్తించదు. పదిహేను తాలాలు, అంటే తొమ్మిది డాలర్లే! ఇంట్లో అందరికీ తలో గొడుగు. చినుకు లేదు.
పెదనాన్న కొడుకు సెమీసీ గొడుగు తిప్పుతూ, "అన్నా, రేపు పడవ కొంటావా? డాలర్లలో చవకేగా!" అన్నాడు. వెధవ.
ఎంతుంటుందో?

శుక్రవారం
నిన్న రాయడానికి తీరలేదు. ఫ్యాను. డబ్బా మాంసం, పెట్టెడు. పంది. అన్నీ చవక!

ఆదివారం, మధ్యాహ్నం
కొంప మునిగింది! చర్చిలో కానుకలు పేరు పేరునా చదువుతారు కదా. మూడు వందల డాలర్లేగా అనుకుని కవర్లో ఐదు వందల తాలాలు పెట్టాను. చదివారు: మా ఇంటి పెద్దయిన పెదనాన్న, రెండు వందలు. సెఫో, ఐదు వందలు! విసనకర్రలన్నీ ఆగిపోయాయి. ఇంటి పెద్దను మించి ఇవ్వడమా! అత్తయ్య తెల్ల టోపీ ముక్కు దాకా లాక్కుంది.
పెదనాన్న దగ్గర కూర్చుని క్షమించమన్నాను. "చుట్టాలు అలాగే చేస్తార్లే నాయనా," అన్నాడు. తిట్టినా బాగుండేది. భోజనం మళ్లీ నాకే ముందు. ఆక్లాండ్ డబ్బూ అయిపోయింది.

మళ్లీ ఆదివారం, పొద్దున్నే
ఆక్లాండ్ నుంచి చెల్లెలు లాగీ ఫోను. కాఫీ తాగుతోందట. ఆరు డాలర్లట!
"ఆరా? అంటే పది తాలాలు! కాఫీకి పది తాలాలేంటే? ఇక్కడ ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ కోకో కాయొచ్చు! నిన్ను నిలువునా దోచేస్తున్నారే!"
ఇల్లదిరింది. వెనక అత్తయ్య, చేతిలో కొబ్బరి చిప్ప.
"ఏమన్నావు? మళ్లీ అను."
"పది తాలాలత్తయ్యా. కాఫీకి!"
నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. చిప్ప నా ఒళ్లో పడేసింది. "పొయ్యి దగ్గరికి పోరా. మీ పెదనాన్నకి ఆకలేస్తుంది. నువ్వు ఆఖర్న తిందువుగాని."
ఆఖర్న! గంతేశాను. వేలు తెగింది, కళ్లు మండాయి, ఎంత బాగుందో!

సాయంత్రం
శపథం! రేపటి నుంచి డాలర్లను తాలాల్లోకి మార్చి లెక్కేసుకోను.
పాపం లాగీ. ఆ కాఫీ డబ్బుకి అర బుట్ట చేమదుంపలొస్తాయి.