పొట్టు తీసిన పెసలు

7 సెప్టెంబరు 1931, సోమవారం

లిస్టు తయారవుతోంది. పనికి రారనుకున్నవాళ్ళని వచ్చే నెల పినాంగ్ తీసుకెళ్ళి మద్రాసు ఓడ ఎక్కిస్తారు. రబ్బరు ధర పడిపోయిన దగ్గర్నుంచి ఈ మలాయీ దేశపు ఎస్టేటులో అందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. కాళ్ళు వాచినవాళ్ళ పేర్లు ముందు.

వాపు ఎంతో తెలుసుకోవడం తేలిక. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీస్తే గుంట పడుతుంది. అది పూడేదాకా లెక్కపెట్టాలి. ఐదులోపు పూడితే మనిషి పనికొస్తాడు. మా ఆయన ప్రకాశం ఇక్కడి ఆస్పత్రి డ్రెస్సరు. రోజూ పొద్దున్నే నలభై కాళ్ళు నొక్కి వచ్చి కాఫీ తాగుతారు. మద్రాసులో బి.ఏ. చదివి డ్రెస్సర్ని చేసుకుంటావేమిటని మా అన్నయ్య ఇరవై ఏళ్ళ కింద అడిగాడు. జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

నూకమ్మ కాలి గుంట ఇవాళ ఇరవై రెండు.

8 సెప్టెంబరు

నూకమ్మ మా బడి ఊడుస్తుంది. నడవగలిగినన్నాళ్ళు రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీసింది. ఇప్పుడు మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది. బెరి-బెరి. దీనికి మందు సీసాలో ఉండదు. పెసలు. ఆస్పత్రిలో చేరి ఐదు వారాలు పెసలు తింటే వాపు తీస్తుందని ఆయన అంటారు. డాక్టరు ఇన్‌స్పెక్షన్‌కి అక్టోబరు పన్నెండున వస్తాడు. ఒక్క రోజు తక్కువ ఐదు వారాలుంది.

చెప్పి చూశాను. ఓడైనా ఎక్కుతాను గానీ ఆ పచ్చకూడు ముట్టను టీచరమ్మా అంది. కిందటేడు ఆమె మొగుడు అప్పన్న ఆస్పత్రిలో మూడో మంచం మీద పోయాడు. పోయేటప్పుడు ఒళ్ళో ఎనామిల్ పళ్ళెం, అందులో ఉప్పులేని ఉడికిన పెసలు. కూలీలుండే లైన్ల ఇళ్ళలో వాటిని పాడె గుగ్గిళ్ళు అంటున్నారు.

అయితే ఓడ ఎక్కేస్తావా అన్నాను. ఎక్కడికెల్తాను, పన్నెండో ఏట వొచ్చినాను, అక్కడ నా మొకం ఎరిగినోలు ఎవులున్నారు అంది. కూతురు దేవుడమ్మకి ఏడో నెల. దాని కానుపు సూడకుండా నన్ను ఓడెక్కిస్తే సముద్రంలో దూకుతాను, రాసుకోండి అంది.

రాసుకున్నాను.

9 సెప్టెంబరు

రాత్రి నానబోసిన పెసల్ని పొద్దున్నే గిన్నెలో నీళ్ళు పోసి అరచేతులతో రుద్దాను. పొట్టు ఊడి నీళ్ళ మీద తేలింది. నాలుగు నీళ్ళు వంచేసరికి పచ్చదనం పోయి, అడుగున లేత పసుపు పప్పు మిగిలింది. ఇవి పెసలని ఎవరూ అనరు. పొట్టు కోళ్ళకి వేశాను.

తెలియకుండా తినిపించడం మోసమే. పిల్లలకి ఆముదం బెల్లంలో కలిపి పెట్టడం కూడా మోసమే కదా అనుకున్నాను. కానీ నూకమ్మ పిల్ల కాదు. నాకంటే రెండేళ్ళు పెద్దది.

10 సెప్టెంబరు

పునుకులు వేసి పంపాను. కందిపప్పుతో చేశానని చెప్పాను. సాయంత్రం గిన్నె కడిగి తెచ్చి ఇచ్చింది, లోపల రెండు పచ్చిమిరపకాయలు. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదట. మా అమ్మ కూడా అలాగే అనేది.

13 సెప్టెంబరు, ఆదివారం

ప్రార్థన అయ్యాక కుడుములు. మళ్ళీ కందిపప్పు అన్నాను, ఆదివారం పూట.

వానకి నా చెప్పుల తోలు బిగుసుకుపోయినట్టుంది. వేళ్ళ దగ్గర నొక్కుతున్నాయి.

16 సెప్టెంబరు

ఒక్క గింజతో ఇన్ని చెయ్యొచ్చని తెలియదు. ఎస్టేటు కొట్టులో పప్పుల్లో దొరికేది పెసలొక్కటే. ఆస్పత్రి కోసం తెప్పించిన బస్తాలే. సోమవారం గుమ్మడికాయ ముక్కలు వేసి పప్పు, ఇంగువ దొరక్క వెల్లుల్లి దంచి పోపు. నిన్న పుల్లమామిడికాయతో. ఇవాళ పిండి రుబ్బి, అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి, ఆ ముక్కల్ని పులుసులో వేశాను. చేప ముక్కల్లా ఉన్నాయి. ఆయన రెండుసార్లు వడ్డించుకుని, ఇదేం చేప అని అడిగారు. చెప్పలేదు.

నేను చాలా తెలివైనదాన్నని కొంచెంసేపు అనిపించింది. ఈ ఫీలింగ్ వచ్చినప్పుడల్లా నాకు తర్వాత ఏదో ఒకటి అవుతుంది.

గిన్నెలో ఇవాళ గుప్పెడు మునగాకు వచ్చింది. మనిషికి నడవడమే కష్టం, చెట్టు దాకా ఎలా వెళ్ళిందో.

19 సెప్టెంబరు

ఇరవై నాలుగు.

20 సెప్టెంబరు

పెరిగింది. ఆయన తప్పుగా లెక్కపెట్టారేమో అన్నాను. పాతికేళ్ళుగా కాళ్ళు నొక్కుతున్నాను అన్నారు. నేను వంట ఎక్కువ చేశాను. పొద్దునా సాయంత్రం రెండు గిన్నెలు. బోర్డు దగ్గర నిలబడితే నా కాళ్ళే తిమ్మిరెక్కుతున్నాయి. నలభై ఆరేళ్ళు వచ్చాయి మరి.

22 సెప్టెంబరు, మంగళవారం

మధ్యాహ్నం ఆయనకి కేరియర్ ఇవ్వడానికి ఆస్పత్రికి వెళ్ళాను. గోడకి డయట్ సర్క్యులర్ అంటించి ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. ఇంగ్లీషులో. ఆయన చెయ్యి కడుక్కునే లోపు ఊరికే చదివాను. రోజుకి ఇంత పెసలు. పొట్టుతో సహా. పొట్టు తీయరాదు. కింద గీత కూడా గీసి ఉంది.

గీత కూడా గీసి ఉంది.

పొట్టు తీసి వండితే ఏమవుతుందని అడిగాను. ఎవరు తీస్తారు, తీస్తే మందంతా కోళ్ళకి పోయినట్టే అన్నారు. ఆయనకి ఇంట్లో సంగతి తెలియదు. మామూలుగా అన్న మాటే.

ఇంటికి వచ్చి కోళ్ళ వంక చూశాను. ఈకలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మూడు కోళ్ళూ రోజూ గుడ్డు పెడుతున్నాయి.

రాత్రి

తెల్లటి బియ్యం తిని కాళ్ళు వాచాయి. బియ్యం మిల్లులో తవుడు తీసేసినట్టు నేను పెసల మీద పొట్టు తీశాను. చదువుకున్నదాన్ని, చేత్తో తీశాను. పదమూడు రోజులు. ఇంక ఇరవై రోజులే ఉన్నాయి.

ఇప్పుడు పొట్టుతో వండితే పచ్చగా ఉంటుంది. పచ్చగా ఉంటే ముట్టదు. నల్లగా వేయించి దాచిపెట్టొచ్చా అని కూడా ఆలోచించాను. ఒక అబద్ధం చెడిపోతే ఇంకో అబద్ధం వండడం.

24 సెప్టెంబరు

చెప్పేశాను. బడి వదిలాక, బెంచీ మీద కూర్చోబెట్టి. అవి కందులు కావు నూకమ్మా, పెసలు, పొట్టు తీసి పెట్టాను, నా వల్ల నీకు రెండు వారాలు పోయాయి అన్నాను.

తిడుతుందనుకున్నాను. చీపురు పక్కన పెట్టి నవ్వింది. పెసల వాసన పొట్టులో ఉంటాదా పప్పులో ఉంటాదా టీచరమ్మా, మొదటి దినవే తెలిసింది అంది. మరి ఎందుకు తిన్నావు అన్నాను. మీకు అబద్దం సెప్పడం రాదు, సెవులు ఎర్రబడతన్నాయి, పాపం ఇంత కట్టపడి సెప్తంటే కాదనగలనేటి అంది.

అయితే పచ్చవి తినడానికి ఏమిటి అభ్యంతరం అన్నాను.

అప్పుడు నవ్వు ఆపింది. ఆ మంచం మీద ఆడు ఒక్కడే కూకుని తిన్నాడు అంది. ఆ పళ్ళెం పెట్టినోడు పెట్టి ఎలిపోయినాడు. పక్క మంచపోడు గోడేపు తిరిగినాడు. నన్ను లోపటికి రానియ్యలేదు. ఎదురుగుండా ఇంకో మనిషి తినకపోతే అది కూడేటి, దాణా.

చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుని, మీరు నాతో కూకుని తింటే తింటాను అంది.

సరే అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఎస్టేటులో ఉన్నాను. లైన్ల వాళ్ళెవరితోనూ కూర్చుని తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ వద్దనలేదు. నేనే ఎప్పుడూ అనుకోలేదు.

25 సెప్టెంబరు

పెసరట్టు. పచ్చగా, అల్లం ముక్కలతో. బడి వరండాలో కూర్చున్నాం. నూకమ్మ కళ్ళు మూసుకుని మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. రెండోది కళ్ళు తెరిచి. ఉప్పు సరిపోలేదంది.

నేను సగం తిన్నాను. పొట్టు నాకు గొంతులో అడ్డం పడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

29 సెప్టెంబరు

మొలకలు కట్టి, కొబ్బరి తురుము, నిమ్మరసం. నిన్న పెసల పులుసు, హుటాన్ మెలింటాంగ్ రేవులో కొన్న ఎండురొయ్యలు వేసి. అది నూకమ్మకి బాగా నచ్చింది. ఇదీ వంటంటే, మొన్నటివి పేషెంట్ల వంటలు అంది. నేను అవి ఎంత కష్టపడి చేశానో! దేవుడమ్మ కూడా పొట్ట మోసుకుని వచ్చి కూర్చుంటోంది. అమ్మ తింటంటే నాకూ ఆకలేస్తంది లా అంది, మలాయీలు మాట చివర తగిలించే లాతో సహా. రెండు గిన్నెలు ఖాళీ చేసింది.

నా పళ్ళెంలో పెసలు పక్కకి తీసి పులుసు అన్నంలో కలుపుకుంటాను. మిగిలినవి కోళ్ళకి. నూకమ్మ చూస్తూనే ఉంది. మీరు తింటన్నారా కోళ్ళు తింటన్నాయా అంది. ఇంట్లో మళ్ళీ తింటానని చెప్పాను. నా చెవుల వంక చూసింది.

3 అక్టోబరు

పదమూడు.

6 అక్టోబరు

గోడ పట్టుకోకుండా మెట్టు ఎక్కింది. ఎక్కి వెనక్కి తిరిగి నా వైపు చూసింది, ఎవరైనా చూశారా లేదా అన్నట్టు. చూశాను.

రేవు దగ్గర జావా ఆవిడ పెసల్ని కొబ్బరిపాలలో ఉడికించి తాటిబెల్లం వేసి అమ్ముతుంది. పొట్టుతోనే. పచ్చగానే. మలాయీలూ చీనావాళ్ళూ నిలబడి తాగుతారు. పదేళ్ళుగా ఆ పక్కనుంచే పడవ ఎక్కుతున్నాను. ఒక్కసారి తాగి ఉంటే ఈ కథంతా ఉండేది కాదేమో. లేక, తాగి కూడా పొట్టు ఉమ్మేసి ఉండేదాన్నేమో. ఈ రోజు అలాగే చేసి, వరండాలో తాగాక మిగిలింది పంపాను. గిన్నెలో కరివేపాకు రెమ్మ వచ్చింది.

11 అక్టోబరు, ఆదివారం

ఆరు. ఐదు కావాలి. ఇంకొక్క రోజుంది. ఇది పెసల వల్లా, ఎండురొయ్యల వల్లా, పక్కన మనుషులు కూర్చోవడం వల్లా అని ఆయన్ని అడిగాను. తగ్గితే చాలదా, ఆనీ, ఎందువల్లో కూడా కావాలా అన్నారు.

కావాలి.

12 అక్టోబరు, సోమవారం

డాక్టరు తెలుక్ ఆన్సన్ నుంచి కార్లో వచ్చాడు. ముప్పై ఒక్కమంది వరసలో నిల్చున్నారు. బడికి సెలవిచ్చి వెళ్ళాను. నూకమ్మ చీర మోకాలి దాకా ఎత్తి పట్టుకుంది. మెల్లిగా నొక్కండి దొరా, అది నా కాలు, మీ కారు హారను కాదు అంది. మా ఆయన ఇంగ్లీషులోకి ఆ మాట మార్చలేదు. డాక్టరు నొక్కాడు. తీశాడు. నేను లోపల లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

పూడింది.

పెన్సిలుతో పేరు కొట్టేశాడు. నూకమ్మ వరసలోంచి బయటికి వచ్చి తిన్నగా దేవుడమ్మ దగ్గరికి వెళ్ళి దాని పొట్ట మీద చెయ్యి పెట్టింది. వెనక వరస కదిలింది.

సాయంత్రం మా వరండా మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. సంతోషం చెప్పడానికి వచ్చిందనుకున్నాను. నా కాళ్ళ వంక చూస్తోంది. చెప్పులకి ఆ పగ్గాలేటి అంది. బిగుసుకుపోయాయని తోలు పట్టీలు తీసేసి చీర అంచు చింపి కట్టుకున్నాను, అది. వాన అన్నాను. వాన ఆగి పది దినాలయింది అంది.

నా కాలు ముందుకి లాగి బొటనవేలు పెట్టి నొక్కింది. రోజూ నలభై కాళ్ళు నొక్కే మనిషి ఇంట్లో ఉన్నారు. నా కాలు ఆయన నొక్కలేదు, నేను చూపించనూ లేదు.

నూకమ్మకి ఇరవై దాకానే లెక్క వచ్చు. ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెట్టింది.

14 అక్టోబరు

పొద్దున్నే వచ్చింది. రెండు గిన్నెలు. పచ్చగా, పొట్టుతో, ఉప్పు ఎక్కువ. ఒకటి నా ముందు పెట్టి, రెండోది తను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. అంతా తిన్నాను.

గిన్నె కడిగాను. ఖాళీగా ఇవ్వకూడదు. లోపల ఒక కోడిగుడ్డు పెట్టి ఇచ్చాను.