ఒక సూత్ జాగా

మంగళవారం

ప్రభుత్వ నిధులతో మా యూనివర్సిటీ గీసి, నాచారం వర్క్‌షాపు తయారుచేసిన కొర్రల పొట్టు తీసే మిషన్ ఇవాళ ఉప్పల్‌లో ట్రయల్ చూడ్డానికొచ్చిన అధికారి ముందే బిగుసుకుపోయింది.

రోలర్ పక్కన "ఒక సూత్ జాగా ఇడువాలె సార్" అని ఫోర్‌మన్ యాదగిరన్న మొదట్లోనే చెప్పాడు. సూత్ అంటే హిందీలో దారం కదా, దారమంత సందు అనుకుని, అడగడానికి నామోషీ పడి, డ్రాయింగ్‌లో అర మిల్లీమీటరు వేశాను. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతట, మూడు మిల్లీమీటర్ల పైనే; మిషన్ ఆగాకే తెలిసింది.

తప్పెవరిదని అధికారి అడిగితే యాదగిరన్నే ముందుకొచ్చి, "నేనే జర టైట్ జేసిన సార్" అన్నాడు. నేను డ్రాయింగ్ మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను.

బయటికొచ్చాక, డ్రాయింగ్ చూసినప్పుడే ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను.

"సదువుకున్నోళ్లు గీసిన్రు, ఏదో లెక్క ఉంటదనుకున్న."

రేపు రిపోర్టులో కారణం రాయాల్సింది నేనే. ఆయన చెప్పిందే రాసేస్తానేమోనని భయంగా ఉంది.