ఘాటు కాదు, కలక

ఫిబ్రవరి 8
ఇది రాయకుండనే డైరీ మూసేద్దామనుకున్న. మిరప కోతల్ల కండ్లు ఎర్రబడుడు గూడ ఒక సంగతేనా? మొన్న కోడలికి, నిన్న మనవరాలికి. "కల్లంల ఘాటు మామయ్యా" అన్నది కోడలు. సరే, ఘాటే.

ఫిబ్రవరి 9
మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వచ్చిపోయిన చుట్టాలవి ఒకటే ఫోన్లు. భద్రాచలంల వియ్యపురాలికి కండ్లు పుసులు కట్టి తెరుచుకుంటలేవట. పినపాక బావకి గూడ. మన కల్లం నుంచి గోదారి దాకా పోయే ఘాటు... నేనైతే చూడలే.

ఫిబ్రవరి 10
కండ్ల కలకే. ఇయ్యాల చేన్ల గుడిసెలేసుకున్న కోత కూలీలకూ వచ్చింది. కొడుకు గరమైండు. "అడవి అవతల నుంచి వీళ్లే పట్టుకొచ్చిన్రు. ట్రాలీకి చెప్పిన, తోలేస్త."
మనోళ్ల ఎరుపు ఘాటు, వాళ్ల ఎరుపు రోగం.
కూలీల పెద్ద సుక్కి గట్టు మీద కూసున్నది. "ఎర్రకండ్లోళ్లని పేరు పడితే ఈ ఏడు ఇంకే చేన్ల రానిస్తరు పెద్దయ్యా?"


ఫిబ్రవరి 11
మరి నాకెందుకు రాలే? చూపుతోటి అంటుతదంటరు. ఆ లెక్కన నాకే ముందు రావాలె — ఫంక్షన్ల అందరి మొఖాలు చూసుకుంట తిరిగింది నేనే. చిన్నప్పుడు మా మేనమామకి కలక వస్తే గోడదిక్కు తిప్పి కూసోబెట్టిన్రు. ఇంటిల్లిపాదికీ వచ్చింది, గోడకి తప్ప.
చేతులు కడిగేకాడ పోయి నిలబడ్డ. ఫంక్షన్ రోజు నల్లా పక్కన గోడ మొలకి ఒక్కటే తువ్వాల. వచ్చినోళ్లంత చేతులు, మూతి, చెమట దానికే తుడుసుకున్నరు. నేను మాత్రం నా కండువకి.
కూలీలు ఫంక్షన్‌కి రాలే గద మరి... కోడల్ని అడిగిన.
"మిగిలిన బగారన్నం గుడిసెలకి పంపినం గద."
గిన్నె మీద ఏం కప్పినవ్ బిడ్డా?
"...ఆ తువ్వాలే. పిల్లలకి పనికొస్తదని అక్కడనే ఉంచమన్న."

ఫిబ్రవరి 12
కొడుక్కి చెప్పిన. నవ్విండు. "నాన్నా, డాక్టర్‌వి ఎప్పుడైనవ్?" ముందు ఎవరికొచ్చిందో నీ పెండ్లాన్ని అడుగురా, అన్న. అడగలే. తలుపుకాడ నిలబడి ఆమెనే అన్నది — "అవ్, నాకే ముందు." ఫోన్ జేబుల పెట్టుకొని బయటికి పోయిండు.
ఫంక్షన్‌కి ఆ కలకని ఎవరు తెచ్చిన్రో మాత్రం అంతుపట్టలే. తువ్వాల చెప్పదు.

ఫిబ్రవరి 13
పొద్దుగాల్నే ట్రాలీ వచ్చింది. సుక్కి వాళ్లు మూటలతోటి రోడ్డు మీద నిలబడ్డరు. డ్రైవర్ చాయ్ తాగిండు. కొడుకు అతనితోటి ఏదో అన్నడు. ట్రాలీ ఖాళీగ పోయింది.
మూటలు గట్టు మీద దింపిన్రు. కోయమని గాని, వద్దని గాని ఇంకా ఎవ్వరం చెప్పలే.