ఎవరూ ముట్టని కాఫీ

ఏమండీ,

అన్నం, వంకాయ కూర గూట్లో పెట్టాను. గేదెకు కుడితి మీరే పెట్టాలి. నేను రావమ్మ ఇంటికి వెళ్తున్నాను, రేపు పొద్దున వస్తాను.

ఆమె క్యాన్సరు వైద్యానికని మీ కమిటీ మైకు కట్టి తిరువూరంతా చందాలు పోగుచేసింది, మంచిదే. నిన్న అవి ఇవ్వడానికి వెళ్ళి, ధైర్యంగా ఉండమని గంటసేపు ఉపన్యాసాలు దంచారు. ఓపిక లేకపోయినా ఆమె కాఫీ కలిపి తెస్తే ఒక్కరూ ముట్టలేదు. "ఇప్పుడే తాగొచ్చామమ్మా" అన్నారు మీరు కూడా. ఆ జబ్బు అంటుకుంటుందని భయం! ఆమెకు ధైర్యం చెప్పే మొహాలేనా ఇవి? మీరంతా వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "నా చేతిది ఇంకెవరూ తాగరా వదినా?" అని ఏడ్చింది. చల్లారిన కాఫీ నేను తాగాను. ఈ రాత్రి ఆమె పక్కనే పడుకుంటాను.

నాగేంద్రమ్మ

మరిచాను. నన్ను ముట్టుకోవడానికి భయమైతే రేపటినుంచి మీ పక్క అరుగు మీద వేసుకోండి.