తెల్లరాళ్ల అవతల

మే 4, ఆదివారం

నా పేరు బైండ్ల జంగమ్మ. మొగుడు కుర్మయ్య, పోయాడు. ఆధార్‌లో నా వయసు డెబ్భై ఆరు అని వేశారు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. శంషాబాద్‌కు పడమర, విమానాలు దిగే దారి కింద మా ఊరు. ఇంట్లో ఉండేది నేను, కొడుకు ఉపేందర్, కోడలు శోభ. కొడుకుకు సొంత టెంపో ఉంది. కోడలు ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ సూపర్‌వైజర్. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే శోభ రాస్తోంది. నా మాట ఒక్కటి కూడా మార్చొద్దని ఒట్టు వేయించుకున్నాను. దీన్ని పోలీసులకు ఇవ్వాలా, తహసీల్దారుకు ఇవ్వాలా అన్నది తర్వాత చూస్తాను. ముందు ఏ రోజుది ఆ రోజు రాసి ఉండాలి. ముసలిది మతి తప్పి వాగింది అని రేపు ఎవరూ అనకూడదు.

నా ఫిర్యాదు ఇది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆదివారం ఆదివారం పట్నం వాళ్లు మా పొలిమేరకు వాకింగ్ వస్తున్నారు. అత్తాపూర్ అపార్ట్‌మెంట్ల వాళ్లే ఎక్కువ. ఆరాంఘర్ దగ్గర వాళ్లను ఎక్కించుకుని తెచ్చేది నా కొడుకే. ముందుండి నడిపించేది జయశీల మేడం. కాలేజీలో రాళ్ల పాఠం చెబుతుంది. కాకినాడ మనిషి. చేతిలో సుత్తి, మెడలో భూతద్దం, నెత్తిన టోపీ. ఊరికి పడమర నల్లరాయి మధ్యలో ఒక తెల్లరాయి చార ఉంది, ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా. అందులో నత్తగుల్లలు రాయైపోయి ఉన్నాయి. మేం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. చార అవతల అంతా బీడు, చెట్టూ లేదు, గుడిసే లేదు.

ఆరున్నర కోట్ల ఏళ్ల కింద ఆ బీడంతా నీళ్లేనని, ఈ చారే ఒడ్డు అని మేడం వాళ్లకు చెబుతుంది. చెరువు అనేవాళ్లు ఉన్నారట, సముద్రం పాయ అనేవాళ్లూ ఉన్నారట. తనకైతే సముద్రమే అనిపిస్తుందట. వాళ్లు ఒడ్డున నిలబడ్డట్టు నిలబడి సెల్ఫీలు దిగుతారు. దానికి నాకేం బాధ లేదు.

రాళ్లు కొట్టుకుని పోతున్నారు. అదీ నా బాధ.

ఆ చార మీదే మా ఆయన పొలి చల్లేవాడు. అన్నంలో పసుపు, కోడి నెత్తురు కలిపి, గంపలో పెట్టుకుని, తెల్లవారుజామున గుట్ట నుంచి గుట్ట దాకా చల్లుకుంటూ నడవాలి. ఏం వినబడినా వెనక్కి చూడకూడదు. చివర కుండ బోర్లించాలి, అదే కట్టు. కుండ బోర్లించే వేళకు బీడులో ఉన్నది బీడుదే, ఊళ్లో ఉన్నది ఊరిదే. ఆ తర్వాత ఎవరు వచ్చినా పోయినా అడ్డం లేదు. అందుకే ముందురోజు సాయంత్రం డప్పుతో చాటింపు వేసేవాళ్లు. గొర్లకాపరులు, కట్టెలకు పోయినవాళ్లు అందరూ ఇవతలికి వచ్చేవాళ్లు. పడమర ఒక్కవైపే ఎందుకు చల్లుతారని ఎవరూ అడగలేదు. ఆయన పోయాక చల్లినవాళ్లు లేరు.

కట్టె పట్టుకుని మేడం దగ్గరికి పోయాను. రాయి తాకితే చెయ్యి విరగ్గొడతానన్నాను. అందరూ విన్నారు. ఆమె కోపం చేయలేదు. చిన్న ముక్కలే తీస్తున్నానండీ, రేపు వెంచర్ వాళ్లు బ్లాస్టింగ్ చేస్తే అవి కూడా మిగలవండీ అంది. మిగలకపోతే ఏమొస్తుందో తెలుసా అన్నాను. ఏమొస్తుందండీ అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. మా ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఉపేందర్ టెంపో కాడ నిలబడి నవ్వాడు. మా అమ్మకు ఎండ తగిలిందన్నాడు.

మే 6, మంగళవారం

ఎప్పుడో ఎండిపోయిన మా పక్కింటి పోచమ్మ బోరు పొంగింది. సంబరంగా బిందె పట్టుకుని వచ్చి నాకే మొదట పోసింది. నోట్లో పోసుకుని ఇద్దరం ఉమ్మేశాం. ఉప్పు.

మే 9, శుక్రవారం

నిప్పులు చెరిగే ఎండ. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి కూడా తడిగానే ఉంది. పడమటి గాలికి నీచు వాసన. పోచమ్మ మేకలు బీడు వైపు పోవడం లేదు, కొట్టినా పోవడం లేదు.

మిట్టమధ్యాహ్నం మా గడప మీద నత్త పాకుతోంది. బతికిన నత్త.

మే 11, ఆదివారం

నత్తను గిన్నెలో పెట్టి మేడంకు చూపించాను. మొదట నవ్వింది. భూతద్దం పెట్టి చూసింది. పక్కన ఉన్న రాతిముక్క తీసి అందులోని గుల్లను చూసింది. మళ్లీ నత్తను చూసింది. ఇలాంటివి చెరువుల్లో ఉంటాయి లెండి అంది. కానీ గిన్నెను కింద పెట్టలేదు.

పోయేటప్పుడు నా దగ్గరికి ఒక్కతే వచ్చింది.

"జంగమ్మగారూ, మీ ఆయన చల్లేటప్పుడు వెనక నుంచి ఏం వినబడేదో ఎప్పుడైనా చెప్పారా అండీ?"

"చల్లేటోళ్లకే వినబడ్తదంట. పేరు పెట్టి పిలుస్తదంట. మనోళ్ల గొంతుతోనే పిలుస్తదంట."

ఇవాళ రాయి కొట్టలేదు. అప్పటికే కొట్టిన గుంటలు చారకు అవతలి మొహంలో పళ్లూడిన నోరులా ఉన్నాయి.

మే 12, సోమవారం

గడప నిండా నత్తలు. చీపురుతో ఊడ్చాను.

మే 17, శనివారం

నేనే చల్లుతాను. ఆడది పొలి చల్లకూడదంటారు. అనేవాళ్లు వచ్చి చల్లొచ్చు. ఆయన చల్లినన్నాళ్లూ వెనక అన్నం గంప మోసింది నేనే, నడక తెలుసు, అనాల్సిన మాట తెలుసు. కోడిని తెచ్చాను. ఉపేందర్‌కు చెప్పలేదు, చెబితే గంప దాచేస్తాడు. శోభకు చెప్పాను, రాయాలి కాబట్టి. చాటింపు సంగతి ఆమె అడిగింది. డప్పు లేదు. గొర్లు లేవు. కాపరులు ఆటోలు నడుపుతున్నారు. బీడులోకి ఎవరు పోతారు? వాకింగ్ వాళ్లు వచ్చేలోపు నేను ముగిస్తాను. వద్దులే అన్నాను.

మే 18, ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి

చల్లాను. కట్టు పడింది.

మోకాళ్లు సహకరించలేదు. సగం దూరం పోయేసరికే పొద్దు పొడిచింది. వెనక టెంపో వచ్చిన చప్పుడు విన్నాను. పట్నం వాళ్ల మాటలు, నవ్వులు, ఇడ్లీ డబ్బాల చప్పుడు, అంతా ఇవతలి వైపు నుంచే. సరే, అందరూ ఇవతలే ఉన్నారు అనుకున్నాను. నడిచాను. ఎండ నెత్తికెక్కింది. ఆ చివరి గుట్ట కాడ కుండ దించుతుంటే పిలిచింది. అమ్మా అని. అచ్చం నా కొడుకు గొంతు. అమ్మా, జర ఆగు అని. ఆయన చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది కదా అనుకున్నాను. నేను చూడలేదు. మూడోసారి కూడా పిలిచింది. కుండ బోర్లించాను.

పిలుపు ఆగిపోయింది.

శోభా, ఇది బాగా రాయి. నేను వెనక్కి చూడలేదు.

మే 18, మధ్యాహ్నం

ఉపేందర్ ఇంటికి రాలేదు. టెంపో అక్కడే ఉంది. తాళం దానికే ఉంది. ఫోన్ సీటు మీద మోగుతోంది.

మే 18, సాయంత్రం

వాకింగ్ వాళ్లు చెప్పారు. వాళ్లను ఇవతల టిఫిన్‌కు కూర్చోబెట్టి మేడం చార దాటి కిందికి దిగిందట. తను కొట్టి తీసుకుపోయిన రాతిముక్కలన్నీ వెనక్కి తెచ్చిందట, ఏ గుంటది ఆ గుంటలో పెట్టడానికి. సంచి బరువని నా కొడుకు మోసుకుపోయాడట. దూరంగా నన్ను చూసి పిలిచాడట. అమ్మా, జర ఆగు, రాళ్లు తెచ్చినం అని.

చూస్తుండగానే ఎండకు కళ్లు చెదిరాయట. మళ్లీ చూస్తే బీడు ఖాళీ.

పోలీసులు వచ్చారు. బీడంతా తిరిగారు, కుక్కను కూడా తిప్పారు. అది చార కాడ కూర్చుని కదల్లేదు. ఎస్ఐ చిన్నవాడు, మర్యాదగానే అడిగాడు. మేడం మీదికి కట్టె పట్టుకుని పోయావంట కదా అవ్వా అన్నాడు. పోయానన్నాను. కోడిని ఎందుకు కోశావన్నాడు. అంతా చెప్పాను. ఆయన రాసుకోవడం ఆపేశాడు.

అందుకే ఇది ఇక ఫిర్యాదు కాదు. ఇది నా వాంగ్మూలం.

మే 20, మంగళవారం

కనబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు. బీడు మీద గాలి నీళ్లలా ఊగుతుంటే అందులో నడుచుకుంటూ ఇద్దరూ మా వైపే వస్తున్నారు. వాడిది నీలం చొక్కా, ఆమెది టోపీ. అడుగులు పడుతున్నాయి కానీ దగ్గరికి రావడం లేదు. నోరు తెరుస్తున్నాడు, మాట లేదు. శోభ పరుగెత్తి చార దాటింది. చుట్టూ వెతుక్కుంది. పక్క నుంచే వాళ్లు నడుస్తున్నారు, ఆమెకు కనబడటం లేదు. చారకు ఇవతల నిలబడితేనే కనబడతారు.

కానిస్టేబుల్‌ను పిలిచి చూపించాను. ఎండమావి అవ్వా అన్నాడు. వాడికి అదే కనబడింది.

మే 21, బుధవారం

పోచమ్మ బోరు ఎండిపోయింది. నత్తలు లేవు. చీర ఆరింది. పొలి పనిచేసింది.

మే 22, గురువారం

బస్టాప్ కాడ ఉపేందర్ మేడంతో లేచిపోయాడని అనుకుంటున్నారు. పోచమ్మ ఓదార్చడానికి వచ్చినట్టే వచ్చి అదే మాట తిప్పి తిప్పి అంది. శోభ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. తలెత్తలేదు. లేచిపోయేటోడు టిఫిన్ డబ్బా మరిచిపోతడా పెద్దమ్మా, అండ్ల గుడ్డు కూర ఉండె అంది. పోచమ్మ లేచి మేకల కాడికి పోయింది.

డ్యూటీకి పోతున్నప్పుడు బస్సు కిటికీలోంచి శోభ పడమరకే చూస్తూ పోయింది. నేను గడపలోంచి చూశాను.

మే 23, శుక్రవారం

మొన్న మంగళవారం ఆ నీళ్లలా ఊగేది వాడి మోకాళ్ల దాకా ఉంది. ఇవాళ నడుం దాకా ఉంది. మేడం పొట్టిది, ఆమెకు రొమ్ముల దాకా వచ్చింది. వాడు సంచి ఇంకా వదల్లేదు. రెండు చేతులతో నెత్తిన పెట్టుకున్నాడు.

వంట చేయలేదు. శోభ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అత్తమ్మా, కుండ లేపుతవా లేదా?"

"లేపితే వాడొక్కడే రాడు బిడ్డా. వాని ఎంబడి ఆ నీళ్లు గుడ వస్తయి."

"రానీ."

"ఊరున్నది. పిల్లలున్నరు."

"నాకు మొగుడున్నడు. నీకు కొడుకున్నడు." కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని మెల్లగా అంది. "చాటింపు ఎయ్యి అత్తమ్మా. ఈసారన్న ఎయ్యి."

ఆమె ఏడ్చింది రాయొద్దంది. ఒట్టు వేశావు, రాయి అన్నాను.

మే 24, శనివారం

డప్పు లేదు. స్టీలు పళ్లెం, గరిటె పట్టుకున్నాను. ఇల్లిల్లూ తిరిగాను. రేపు తెల్లారేసరికి పిల్లాపాపలతో, మేకలతో, కోళ్లతో తూర్పు గుట్ట ఎక్కాలి, నీళ్లు వస్తున్నాయి అని చాటాను. ఎండాకాలంలో వరదనా అని నవ్వారు. నవ్వండి, నవ్వుకుంటూ ఎక్కండి అన్నాను. మంచం పట్టిన ముసలాయనను ఎట్ల ఎక్కించాలన్నారు. మంచంతోనే ఎక్కించండి అన్నాను. ఒక్క మనిషి కింద మిగిలినా నేను కుండ ముట్టను, నా కొడుకు అక్కడే ఉంటాడు, ఆ పాపం మీదే అన్నాను. అదే పనిచేసింది. కొందరు భయంతో, కొందరు తమాషాకు, పిల్లలు రీల్స్ చేయడానికి, సాయంత్రం నుంచే ఎక్కుతున్నారు.

పోచమ్మ మేకల్ని తోలుకుంటూ పోయింది. "నిన్ను నమ్మి కాదక్కా. ఆ ఉప్పు ఇంకా నా నాలిక మీదనే ఉన్నది."

ఇవాళ మధ్యాహ్నం వాడి తల, నెత్తిన సంచి మాత్రమే కనబడ్డాయి. మేడం టోపీ కనబడింది. టోపీ కింద ఆమె ఉందో లేదో తెలియలేదు.

మే 25, ఆదివారం, తూర్పు గుట్ట మీద

ఒక్కొక్క ఇల్లూ తలుపు తీసి చూశాను. ఎవరూ లేరు. తర్వాతే కుండ లేపాను. కుండలో పట్టినన్ని నీళ్లు కింద ఉన్నాయి. ఈసారి వెనక్కి చూశాను.

నీళ్లు చార దాటకముందే ఉపేందర్ వచ్చాడు. సంచి ఖాళీ. రాళ్లన్నీ పెట్టేశామన్నాడు. మేడం రాలేదు. రమ్మని చెయ్యి పట్టుకుని గుంజాడట. నువ్వు పో తమ్ముడూ, నేను ఇంకా చూడాలి అందట. నవ్వుతూనే అందట. ఆమె సంగతి నన్ను అడగండి, వాడిని అడగొద్దు. కుండ బోర్లించింది నేను.

వాడు శోభ పక్కన కూర్చున్నాడు. వాడి బట్టలు ఇంత ఎండలో కూడా ఆరడం లేదు.

ఇప్పుడు ఒక విమానం మా మీదుగా పోయింది. కింద నీళ్లలో, మా ఇళ్ల మీదుగా, దాని కడుపు కనబడేటట్టు ఇంకొకటి పోయింది.

బైండ్ల జంగమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: శోభ, సంతకం. పోచమ్మ, వేలిముద్ర. ఉపేందర్, సంతకం పెట్టాడు కానీ కాగితం తడిసి కనబడటం లేదు.