ఒక్క మొక్క కూడా చావలేదు

ఫిబ్రవరి 9, ఆదివారం

నీ వాళ్ళను పాతిపెట్టిన చోటు వేలు పెట్టి చూపించగలవా?

ఈ రోజు చర్చి ప్రసంగంలో ఇదే అడిగాను. సంఘమంతా చేతులెత్తారు. మా సమాధుల దిబ్బ మీద రాయి లేదు, సిలువ లేదు. ఉప్పుగాలికి ఏ సిలువా నిలవదు. అందుకే పెద్దల కాలం నుంచీ మనిషి తల వైపు ఒక బిళ్ళగన్నేరు నాటుతున్నాం. ఎవరి మొక్క వాళ్ళకు తెలుసు. నా భార్య లిల్లీది తెల్లపూల మొక్క. మిగతావన్నీ ఎర్రవి.

పక్కన కట్టిన కళాకేంద్రం వాళ్ళు ఆ దిబ్బను ల్యాండ్‌స్కేప్ చేస్తారట. లాన్లు, నడకదారులు, ఓపెన్ ఎయిర్ థియేటర్. అబ్రాహాము వెండి తూచి, సాక్షుల ఎదుట భార్య శారాకు సమాధిస్థలం కొన్నాడు. మాకు సాక్షులెవరు? కాగితాల్లో అది పోరంబోకు.

ఫిబ్రవరి 11, మంగళవారం

డిజైన్ చేసే అమ్మాయి మెర్లిన్. మన పిల్లే, కోవూరు. చెన్నైలో చదివిందట. ఎండలో తానే టేపు పట్టి కొలుస్తోంది. దిబ్బ మీద కాపాడాల్సింది ఏమన్నా ఉందా, చెప్పండంకుల్, డ్రాయింగులో పెడతాను అంది.

సమాధులని చెప్పబోయాను. మా సంఘపెద్ద జడ్సన్ మోచెయ్యి గిల్లాడు. వచ్చే దారిలోనే చెప్పి ఉన్నాడు: అన్నా, సమాధులని నోరు జారితే ఎమ్మార్వో దిగతాడు, ఎముకలు తవ్వి ఇంకో చోట పెట్టుకోమంటాడు, గమ్మున మొక్కలని చెప్పు.

మొక్కలనే చెప్పాను. మొదలుపెడితే నాకు ఆగదు. ఏదెను తోట నుంచి ఎత్తుకున్నాను. తోటను కాయడం దేవుడు మనిషికిచ్చిన మొదటి ఉద్యోగం అన్నాను. ఈ గన్నేరుల్లో ఒక్కటి చచ్చినా ఆయన ముందు జవాబు నువ్వే చెప్పుకోవాలి అన్నాను. ఆ పిల్ల కళ్ళు తడిశాయి. ఒక్కటి కూడా చావదంకుల్, ప్రామిస్ అంది.

తిరిగొస్తూ జడ్సన్, ఏం వాక్యమన్నా, రాళ్ళు కరిగినాయి అన్నాడు. ఇంటికొచ్చి మారు అన్నం వడ్డించుకున్నాను.

మార్చి 24, సోమవారం

వారమంతా రొయ్యల గుంటల దగ్గర నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్లు బాగుచేస్తూ అక్కడే పడుకున్నాను. నా పొట్టకూటి పని అది. పొద్దున తిరిగొచ్చాను.

దిబ్బ ఒంపు అట్లాగే ఉంది. దాని మీద గడ్డి. మొక్కలన్నీ ఉన్నాయి. వేళ్ళ మట్టితో సహా తీసి, థియేటర్ చుట్టూ అర్ధచంద్రంలా నాటారు. లిల్లీది సరిగ్గా నడుమ పెట్టారు. తెలుపు అందంగా ఉంటుందని.

జడ్సన్ గేటు దగ్గర అడ్డం పడితే సూపర్‌వైజర్ నవ్వాడట. మీ బోధకుడే గదయ్యా మొక్కల్ని కాపాడమనింది, కాపాడతా ఉండాం, మళ్ళా ఏంది అన్నాడట.

మెర్లిన్ ఎదురొచ్చింది. చూశారా అంకుల్, ఒక్క మొక్క కూడా చావలేదు అంది.

చావలేదు. థాంక్స్ చెప్పాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజామున ఒక గంట లోపలికి వదిలారు. కొవ్వొత్తులు వెలిగించుకుని గడ్డి మీద నిలబడ్డాం. ఏటా ఎవరి మొక్క దగ్గర వాళ్ళు కూర్చునేవాళ్ళు. ఈసారి ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. పేరమ్మకు మొగుడూ కొడుకూ ఇద్దరూ ఇక్కడే. ముసలమ్మ కొవ్వొత్తి పట్టుకుని అటు నడిచింది, ఇటు నడిచింది. చివరికి తెచ్చి నా చేతిలో పెట్టింది. నాయనా, నువ్వు బాగా మాట్టాడతావు గదా, యాడ పెట్టాల్నో నువ్వే పెట్టు అంది.

క్రీస్తు ఖాళీ సమాధి మీద ప్రసంగించాల్సిన రోజు. ఆయన ఇక్కడ లేడని దూత చెప్పిన మాట చదవాలి. చదవకుండానే బైబిలు మూశాను. మా వాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఎక్కడో.

ఏప్రిల్ 21

యాకోబు భార్య రాహేలు సమాధి మీద స్తంభం నిలబెట్టాడు. నేను నా నోరు నిలబెట్టుకున్నాను.

ఏప్రిల్ 23

మెర్లిన్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. సర్వేలో మొక్కల చోట్లున్నాయా అని అడిగాను. పెద్ద చెట్లకే గుర్తులు పెడతామంకుల్, చిన్న మొక్కలకు పెట్టం అంది. తర్వాత, ఆ రోజే చెప్పుంటే థియేటర్‌నే జరిపేదాన్ని గదా అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మే 6, మంగళవారం

కళాకేంద్రం తోటమాలి చెంచయ్య పిలిచాడు. అన్నా, మీ గన్నేరు పోయేది కాదు, గడ్డిలో గుంపులు గుంపులుగా మళ్ళా మొలస్తా ఉంది, ఎల్లుండి ఓపెనింగు, రేపు ఎనిమిదింటికి కలుపు మందు కొట్టమన్నారు, చూసుకుంటే ఇప్పుడే చూసుకో అన్నాడు.

పరుగెత్తాను. ఏళ్ళ తరబడి రాలిన గింజలు. గడ్డి కోసం పెట్టిన స్ప్రింక్లర్లే వాటిని తడిపాయి. తల్లి మొక్క ఎక్కడుండేదో అక్కడే మొలకలు, పిడికిలంత గుత్తులుగా. ఎర్రపూల జాతికి కాడ ఎర్రబారుతుంది. తెల్లదానికి పచ్చగానే ఉంటుంది. నడకదారి మలుపులో ఒక్క గుత్తికే అన్నీ పచ్చ కాడలు.

అక్కడే కూర్చున్నాను. ప్రార్థన చెయ్యలేదు. ఆ గడ్డి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాను.

మెర్లిన్‌కు చెప్పాను. కాంట్రాక్టర్ నా ఫోన్ ఎత్తడం లేదంకుల్ అంది. జడ్సన్‌కు చెప్పాను. ఓపెనింగు కానీలే అన్నా, నిదానంగా అర్జీ పెడదాం అన్నాడు. నిదానంగానా? ఎండిన ఎముకలకైనా వాక్యం వినబడిందని బైబిల్లో రాసి ఉంది. నా సంఘానికి వినబడదు.

మే 7, ఉదయం 5

మందుకు మొలక చస్తుంది. రాయి చావదు. ఇంటింటి తలుపూ తట్టి ఇదే చెబుతాను.

లేవండి. పేరమ్మా, నీ రుబ్బురోలు పొత్రం. జడ్సన్, మీ వాకిట్లో కాళ్ళు కడుక్కునే బండ. ఊరగాయ జాడీ మీద బరువు పెట్టిన రాయైనా సరే, ఎత్తుకుని రండి. ఎవరి గుత్తి దగ్గర వాళ్ళు పెట్టండి, పేరు పెట్టి పిలవండి, సమాధి అని అందరికీ వినబడేట్టు చెప్పండి. ఎమ్మార్వో వస్తే రానీండి. ఎనిమిది కాకముందే. ఈ రోజే.