మేస్త్రీ వెనకాల

తాతయ్యకు,

ఘోరం జరిగింది. చేసింది నీ కొడుకు. ఈ మాట ఆయన మొహం మీదే అనేశాను కాబట్టి నీకు చాటుగా చెబుతున్నానని అనుకోకు.

కబేళాలో గొర్రెకు ముందుగా స్పృహ తప్పించే కరెంటు యంత్రం పాడై నెల దాటింది. యజమాని బాగుచేయించడు. ఫోర్మన్‌గా ఉన్న నాన్న పని ఆపడు. మొన్న అన్నం క్యారేజీ ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. కొక్కేనికి తలకిందులుగా వేలాడుతున్న ఒక గొర్రె, మెడ సగం తెగి, నన్ను చూస్తూ కాళ్లు కొట్టుకుంటోంది. అప్పటికే దాని తోలు మోకాళ్ల దాకా ఒలిచేశారు. నెత్తురు గోడ కింది తూములోంచి వాగులోకి పోతోంది. నువ్వు చిన్నప్పుడు ఈదిన వాగులోకే, తాతయ్యా. ఇప్పుడందులో చేపపిల్ల కూడా లేదు. క్యారేజీ నాన్న కాళ్ల మీదికి విసిరికొట్టాను.

"మాంసం మానమనే కరపత్రాలు చదివి తలకెక్కించుకున్నావు. ఇవాళ్టినుంచి వాటినే వండుకు తిను," అన్నాడు.

"తింటాను. కోస్తే వాటికి నెత్తురు కారదు."

"మీ తాత చేతికంటింది పన్నీరా? ఆయన్నేమీ అనవేం?"

అంటాను. అందుకే ఈ ఉత్తరం. నువ్వు ఒక్కో గొర్రెను పక్కకు తీసుకెళ్లి, అరచేత్తో కళ్లు మూసి, ఒక్క వేటుతో పని ముగించేవాడివట. ఒకదాని కళ్లెదుట ఇంకోదాన్ని ఏనాడూ కోయలేదట. ఇక్కడి పాతవాళ్లు గొప్పగా చెబుతారు. నువ్వు మెత్తగా చంపావు, నీ కొడుకు మొరటుగా చంపుతున్నాడు, నేను చంపనివ్వను. అంతే తేడా.

గురువారం తెల్లవారగానే, పని మొదలవకముందే, దొడ్డి వెనక గేటు తెరుస్తాను. మందను కొండవైపు నడపడానికి నువ్వు సాకిన పొట్టేలు ఉండనే ఉంది. గొర్రెల్ని ర్యాంపు ఎక్కించి, కోసే గది ముందు తను మాత్రం పక్క తలుపులోంచి తప్పుకుంటుంది కదా! కూలీలను పనిలోకి తోలేవాడిలా ఉన్నాడని నువ్వే వాడికి మేస్త్రీ అని పేరు పెట్టావు. ఇన్నేళ్లూ చావుకు దారి చూపినవాడి చేత ఒక్కసారి బతుకుకు దారి చూపిస్తాను. ఆపాలని చూడకు.

నీ అగ్గిపుల్ల


తాతయ్యా,

ముందు ఇది చదువు. నాన్న బతికే ఉన్నాడు. పక్కటెముకలు విరిగాయి. మేస్త్రీ లేడు.

గేటు తెరిచాను. ఎదురుగా పచ్చిక కనబడుతున్నా ఒక్క గొర్రె కదల్లేదు. మేస్త్రీ మెడ నిమిరి, "పద మేస్త్రీ, పద!" అన్నాను. ఆ మాట వాడికి నేర్పింది నువ్వు. వాడికి తెలిసిన మాట అదొక్కటే, దానికి వాడెరిగిన అర్థమూ ఒక్కటే. గేటు వైపు చూడనైనా చూడకుండా వెనక్కి తిరిగి ర్యాంపు ఎక్కాడు. మంద మొత్తం వాడి వెనకాల. ఆపాలని అరుస్తూ పరిగెత్తాను. బెదిరి మరింత తోసుకున్నాయి. పని వేళ కాదు కాబట్టి పక్క తలుపుకు గడియ వేసుంది. మేస్త్రీ దాన్ని కొమ్ములతో కుమ్ముతుండగానే మంద మీద పడింది. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి. ఎండుకట్టెలు విరిచినట్టు ఎముకలు విరిగాయి.

లోపల కత్తులు నూరుతున్న నాన్న గడియ తీయడానికి వాటి మధ్యకు దూకాడు. గోడకూ మందకూ మధ్య నలిగిపోతూనే తీశాడు. నిలబడగలిగినవి ఆ తలుపులోంచి బయటికి ఉరికాయి.

నడుము విరిగిన మేస్త్రీ అరుపు ఆగలేదు. పొట్టేలు అలా అరవగలదని నాకు తెలియదు. చెవులు మూసుకున్నాను.

"చెవులు కాదే, వాడి కళ్లు మూయి," అన్నాడు నాన్న, కత్తి పట్టుకుని వంగలేక వంగుతూ.

"నావల్ల కాదు నాన్నా."

"గేటు తీయడం నీవల్ల అయింది కదా. ఇదీ అవుతుంది. మూయి."

మూశాను. అరచేతి కింద కనురెప్ప టపటపా కొట్టుకుంది. ఒక్క వేటు. కొట్టుకోవడం ఆగింది.

"తాతయ్యలాగే చేశావు," అన్నాను.

"నాకు రాదనుకున్నావా? నేర్పింది ఆయనే. ఇక్కడ ఊపిరి తీసుకునే టైమివ్వరు, అంతే."

కాళ్లు విరిగిన మిగతావాటిని ఒక్కోదాన్నీ పక్కకు లాక్కెళ్లి అలాగే చేశాం. నా చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి.

అప్పుడు యజమాని వచ్చాడు. నలిగి చచ్చినవాటిని బూటుతో కదిపి, "చల్లారకముందే కొక్కేలకెక్కించండి," అన్నాడు. నాన్న నెత్తుటి యాప్రాన్ విప్పి అతని మొహాన కొట్టాడు. "నీ కూతుర్ని పోలీసులకు పట్టిస్తా," అని యజమాని అన్నాడో లేదో, నాన్న అతని గొంతు పట్టుకుని గోడకు అదిమాడు. పనివాళ్లు వచ్చి విడదీయకపోతే ఏమయ్యేదో.

ఆ పూటే అందరూ కత్తులు కింద పెట్టేశారు. యంత్రం బాగుచేసి, వాగులోకి పోయే తూము మూసేదాకా ఎవరూ లోపలికి వెళ్లరు. అసలు కబేళానే మూయాలని నేనంటాను. "మనకు కూడెవడు పెడతాడే, నీ కరపత్రాలా?" అని పక్కటెముకలు పట్టుకుని అరుస్తాడు నాన్న. ఆ తగువు మా మధ్య ఇంకా తేలలేదు.

యజమాని కొత్తవాళ్లను లారీలో దింపుతాడట. సోమవారం ఉదయం ఆరు గంటలకు గేటుకు అడ్డంగా కూర్చుంటున్నాం. నీ చేతికింద పని నేర్చుకున్న పాతవాళ్లు నీ మాటంటే గేటు దగ్గరికి కదులుతారు. కానీ వాళ్లతో 'పద' అనకు తాతయ్యా, ఆ మాట మన ఇంట్లో ఇంకెవరూ అనొద్దు. 'రండి' అను. నీ దగ్గరున్న అత్తను తోడు తీసుకుని నువ్వూ రా. సోమవారం, ఆరింటికి.

నీ అగ్గిపుల్ల